రెండు రూపాయల ధర్మం

సింహాచలానికి ఊళ్లో ఒక గర్వం ఉండేది. పొలం చూసుకుని కాదు, ఎందుకంటే అతను దున్నే ఎకరంన్నరా అతనిది కాదు. కొడుకును చూసుకునీ కాదు. ఒక్కగానొక్క కొడుకు మోహిత్ ఇంటర్ మధ్యలో మానేసి, తెల్లారేసరికి అచ్యుతాపురం మందుల కంపెనీ బస్సు ఎక్కేస్తున్నాడు. సింహాచలం గర్వమంతా అప్పు గురించే. ఊరందరికీ మూడు రూపాయల వడ్డీకి పుట్టే అప్పు, తనకి రెండు రూపాయలకే పుడుతుందని.

అప్పు చూసుకుని గర్వపడేవాడు కూడా ఉంటాడా అని మీకు నవ్వు రావచ్చు. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు వేసి చూడండి, తెలుస్తుంది. ఎరువు కొనాలి. కలుపు తీయించాలి. గాలివానకి తోట పడిపోకుండా నాలుగేసి గడలు దగ్గరికి లాగి ఆకుతో జడ కట్టించాలి. నరికించాలి, గానుగాడించాలి, బెల్లం వండించాలి. దిమ్మలు మార్కెట్టుకి చేరేదాకా చేతినుంచి పోవడమే తప్ప చేతికి వచ్చేది చిల్లిగవ్వ ఉండదు. అందుకని రైతులు బెల్లం వర్తకుల దగ్గర ముందే సొమ్ము తెచ్చుకుంటారు. నూటికి నెలకి మూడు రూపాయలు. పైగా తీసుకున్న కొట్టుకే సరుకు తోలాలి. అప్పిచ్చినవాడు చెప్పిందే ధర, చూపించిందే తూకం. బాకీ ఉన్నవాడికి బేరమాడే నోరెక్కడిది?

సింహాచలానికి ఆ బాధ లేదు. పొలం ఆసామి త్రినాధరావు మాస్టారే ఏటా జూన్ రెండో వారంలో కబురు పెట్టి అరవై వేలు చేతిలో పెట్టేవారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై అనకాపల్లిలో మేడ కట్టుకుని ఉంటున్నారు. నోటు రాయమనేవారు కాదు, బంగారం తెమ్మనేవారు కాదు. నెలకి రెండు రూపాయల వడ్డీ, అంతే. సింహాచలం ఏ కొట్టులో ధర బాగుంటే ఆ కొట్టుకి బెల్లం తోలేవాడు. మే నెలాఖరున అసలూ వడ్డీ పట్టుకెళ్లి అప్పజెప్పి, మాస్టారి భార్య ఇచ్చిన టీ తాగి వచ్చేవాడు.

"దేవుడండీ మా మాస్టారు" అని టీకొట్టు దగ్గర పదిమందికీ చెప్పేవాడు. దేవుడికైనా ఏడాదికి పద్నాలుగు వేల నాలుగు వందలు ఎవరూ ముట్టజెప్పరు. కానీ మూడు రూపాయలు కట్టేవాళ్ల మధ్యన నిలబడి రెండు రూపాయలు కట్టేవాడికి ఆ లెక్క తట్టదు.

ఏటా వానలు పడ్డాక ఇంకో వేడుక జరిగేది. మాస్టారు ఇస్త్రీ చొక్కాతో పొలానికి వచ్చేవారు. వెంట ట్యాబు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చేవాడు. మాస్టారిని చెరకు తోట ముందు నిలబెట్టి ఫోటో తీసేవాడు. "సింహాచలం, నువ్వు కొంచెం పక్కకి జరుగు" అనేవారు మాస్టారు. సింహాచలం సంతోషంగా గట్టెక్కి నిలబడేవాడు. భూమి రికార్డుకి కాబోలు అనుకునేవాడు. తన చేతి చెరకు ఫోటోకి ఎక్కేటంత ఎదిగిందన్న మురిపెం తప్ప ఇంకో ఆలోచన వచ్చేది కాదు.

ఆ ఏడు మే నెలలో ఊరి రైతు సేవా కేంద్రంలో లావణ్య మీటింగు పెట్టింది. లావణ్య అంటే వ్యవసాయ సహాయకురాలు, నక్కపల్లి పిల్ల. ఊళ్లో పెద్దవాళ్లందరినీ బాబాయ్ అనే పిలుస్తుంది. కౌలు రైతులకి కార్డు ఇస్తారనీ, కార్డు ఉంటే భూమి లేకపోయినా బ్యాంకు పంట రుణం ఇస్తుందనీ, గడువుకి కట్టేస్తే వడ్డీ నూటికి నాలుగు రూపాయలే పడుతుందనీ చెప్పింది. నెలకి నాలుగంటే వర్తకుడే నయం కదమ్మా అన్నాడు సింహాచలం. వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు కూడా తలలూపారు.

"నెలకి కాదు బాబాయ్. ఏడాదికి" అంది లావణ్య.

వెనక బెంచీవాళ్లు ముందుకి జరిగారు. తర్వాత ఆ పిల్ల అసలు మెలిక చెప్పింది. దరఖాస్తు మీద భూమి ఆసామి సంతకం ఉండాలి. ఆ మాటతో సగం మంది లేచి వెళ్లిపోయారు.

సింహాచలం వెళ్లలేదు. మా మాస్టారు పెట్టరా ఏటి అనుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే భార్య మోదమ్మ కూడా వెళ్లి అడగమంది. మర్నాడే కాగితం మడిచి జేబులో పెట్టుకుని అనకాపల్లి వెళ్లాడు. మాస్టారు కాగితం రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చూద్దాం, తొందరేముంది, అల్లుడితో ఒక మాట అనుకోవాలి అన్నారు. టీ ఇప్పించారు. కాగితం మాత్రం తిరిగి చేతిలోనే పెట్టారు.

పెద్దవాళ్ల "చూద్దాం"కి అర్థమేమిటో సింహాచలానికి తెలియనిది కాదు. అయినా రెండోసారి అడిగే ధైర్యం లేకపోయింది. అడిగితే ఏమవుతుందో కళ్ల ముందే ఉంది. పక్క వీధి తాతబ్బాయి కిందటేడు తన ఆసామిని పట్టుబట్టి సంతకం అడిగాడు. ఆసామి కోప్పడలేదు, కసరలేదు. పంట కోత అవగానే పొలం ఇంకొకరికి కౌలుకిచ్చేశాడు. తాతబ్బాయి ఇప్పుడు గాజువాకలో ఇటుకలు మోస్తున్నాడు. కార్డు రాసుకున్నవాడు రేపు భూమే నాదంటాడని ఆసాములకి ఒక భయం. దానికి మందు ఏ ఆఫీసులోనూ దొరకదు. మాస్టారి ఎకరంన్నరకి కూడా కాగితం ముక్క లేదు, పందొమ్మిదేళ్లుగా అంతా నోటిమాట మీదే నడుస్తోంది. ఆ పొలం పోతే సింహాచలానికి ఈ ఊళ్లో చేసేందుకు పనేమీ మిగలదు. యాభై రెండేళ్ల వయసులో ఇటుకలు మోయలేడు.

ఇంత ఆలోచించి, ఇక కార్డు సంగతి మరిచిపోదామనుకున్నాడు. దరఖాస్తు ఖాళీగానే తిరిగి ఇచ్చేయడానికి వెళ్తే, లావణ్య వద్దు ఉంచు అని, ముందు పొలం సర్వే నంబరు కంప్యూటర్లో కొట్టి చూసింది. చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"దీనిమీద ఇప్పటికే పంట రుణం ఉంది బాబాయ్. ఒక భూమికి ఒకే పంట రుణం. మాస్టారుగారు సంతకం పెట్టినా ఇది కట్టేదాకా నీకు రాదు."

ఎప్పటినుంచి ఉందని అడిగాడు. పదకొండేళ్లనుంచి ఉందట. లక్షా పదివేలు. ఏటా జూన్ మొదటి వారంలో కట్టి, మళ్లీ తీస్తున్నారట. ఏ పంట మీద అని అడిగాడు. చెరకు అని ఉంది బాబాయ్ అంది ఆ పిల్ల, తనేదో తప్పు చేసినట్టు.

జూన్ మొదటి వారంలో బ్యాంకు ఇస్తోంది. రెండో వారంలో మాస్టారు కబురు పెడుతున్నారు. ట్యాబు పట్టుకొచ్చే కుర్రాడు భూమి రికార్డువాడు కాడు, బ్యాంకువాడు. సింహాచలానికి ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. తను పెంచిన చెరకు చూసి బ్యాంకు ఏడాదికి నాలుగు రూపాయలకి ఇచ్చిన డబ్బే, మాస్టారి చేతిమీదుగా తన దగ్గరికొచ్చేసరికి ఇరవై నాలుగు రూపాయలైంది. పదకొండేళ్లు తను దండం పెట్టి తీసుకున్నది తన పంట డబ్బే.

కోపం అతని స్వభావం కాదు. అందుకే అది వచ్చినప్పుడు ఏంచేయాలో తెలియలేదు. ఎండలో నడుస్తూ లెక్క వేశాడు. ఏడాదికి పన్నెండు వేలు ఎక్కువ కట్టాడు. మోహిత్ చదువు మానేసిన ఏడు కాలేజీవాళ్లు అడిగిన ఫీజు పదమూడు వేలు. ఆ నెలలోనే మాస్టారికి వడ్డీ కట్టొచ్చాడు. దేవుడి దగ్గర మాట పోకూడదని కొడుకుతో ఈ ఏడాది ఆగరా అన్నాడు. వాడు ఆగాడు, ఇంక కదల్లేదు. అది గుర్తొచ్చి గుండె మండిపోయింది. మాస్టారి ఇంటికెళ్లి ఏమేం అడగాలో, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో దారి పొడుగునా అల్లుకుంటూ ఇంటికొచ్చాడు.

అరుగు మీద పొట్టిబాబు కూర్చుని చోడి అంబలి తాగుతున్నాడు.

ఈ పొట్టిబాబుది గొలుగొండ అవతల కొండవార పల్లె. మోదమ్మకి వరసకి తమ్ముడు. మోదమ్మకి తల్లి తాలూకు డెబ్బై సెంట్ల మడి గొలుగొండ దగ్గర ఉంది. అంత దూరంనుంచి చేయించుకోలేక దాన్ని పొట్టిబాబుకి సగం పాలుకి ఇచ్చారు. వరి పండిస్తాడు, ఏటా బస్తాలు బస్సు మీద వేసి పంపిస్తాడు. మూటతో తప్ప చేతులూపుకుంటూ రానివాడు, ఈసారి ఒక కాగితం పట్టుకొచ్చాడు. అది మడత విప్పకముందే సింహాచలం గుర్తుపట్టేశాడు. అలాంటిదే తన జేబులో కూడా ఉంది.

"అప్ప సంతకం ఎడితే కార్డిత్తారట బావా. సంతలో అయిదు రూపాయలకి తెత్తన్నాను. కట్టలేకపోతన్నాను" అన్నాడు పొట్టిబాబు.

"సూద్దాంలే. తొందరేటి?" అన్నాడు సింహాచలం.

మాట నోట్లోంచి వచ్చేశాక విన్నాడు. గొంతు తనదే గానీ మాట మాస్టారిది. చూస్తే మోదమ్మ గుమ్మంలో నిలబడి తనవైపే చూస్తోంది.

ఎందుకలా చూస్తోందో అతనికి తెలుసు. ఆ డెబ్బై సెంట్ల మీద గొలుగొండ బ్యాంకులో ముప్పై వేల పంట రుణం ఉంది. రెండేళ్ల కిందట ఇంటికి రేకులు వేయించడానికి మోదమ్మ పేరున తీసింది తనే. మడిలో నాట్లయ్యాక బ్యాంకువాళ్లు ఫోటోకి వస్తే దగ్గరుండి తీయించిందీ తనే. కిందటేడు వినాయకచవితికి పొట్టిబాబు విత్తనాల బాకీ తీర్చుకుంటానని పదివేలు అడిగితే, రేకులకి పోగా మిగిలిన డబ్బులోంచి ఇచ్చిందీ తనే. వడ్డీ రెండు రూపాయలు. మాస్టారు తనకెంతకిచ్చారో అంతే, పైసా ఎక్కువ వేసుకోలేదు. ఇంత ధర్మంగా ఎవడిస్తాడని ఆ వేళ మోదమ్మ దగ్గర చెప్పుకుని పొంగిపోయాడు కూడా. గురివింద గింజ తన నలుపెరగదంటారు. సింహాచలం మాస్టారి నలుపు చూడ్డానికి కంప్యూటరు దాకా వెళ్లాడు. తనది చూసుకోవడానికి అరుగెక్కితే సరిపోయింది.

కాళ్లు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లాడు. మోదమ్మ వెనకే వచ్చింది. లావణ్య చెప్పిందంతా చెప్పాడు. మాస్టారి సంగతి విని ఆవిడ కూడా నిట్టూర్చింది. మోహిత్ ఫీజు మాట వచ్చేసరికి కళ్లు తుడుచుకుంది. అప్పుడు సింహాచలం, అడక్కపోయినా, తనది వేరే అన్నాడు. మాస్టారికి పెన్షనుంది, మేడుంది, ఆయనది ఆశ. మనది అవసరం. రేకులు లేకపోతే వానలో ఎక్కడ పడుకుంటాం?

"మనకి తేడానే" అంది మోదమ్మ. "కట్టినోడికేటి తేడా మావా?"

సింహాచలం కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కున్నాడు. అబద్ధం చెప్పి పంపేయడం తేలిక. సంతకం పెట్టేసి ఊరుకోవడం ఇంకా తేలిక, బ్యాంకువాళ్లే లేదు పొమ్మంటారు, తన మీద మాట ఉండదు. రెండూ ఆలోచించాడు. ఆలోచించినందుకు సిగ్గేసింది.

అరుగు మీదకొచ్చి పొట్టిబాబు ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ మడి మీద మీ అప్ప పేరున అప్పుంది, అది తీరేదాకా నీకు కార్డు వచ్చినా అప్పు రాదు, నీకిచ్చిన పదివేలూ ఆ డబ్బే అన్నాడు. పొట్టిబాబు అంబలి గిన్నె కింద పెట్టాడు. కోపం వస్తుందేమోనని సింహాచలం చూశాడు. రాలేదు. ఏదో పాత సంగతి ఇప్పుడు తెలిసినట్టు మెల్లగా తలాడించాడు.

"అయితే ఆ ఫోటో దానికా బావా" అన్నాడు. "మడి ఫోటో తీత్తన్నారని మా పిల్లల్ని కూడా అట్టుకొచ్చేను. పక్కకి జరగమన్నావు."

తిట్టి ఉంటే బాగుండేది. సింహాచలానికి తల ఎత్తబుద్ధి కాలేదు. తలలకి నూనె రాసి, చొక్కాలు తొడిగి, ఇద్దరు పిల్లల్నీ గట్టు మీద నిలబెట్టుకున్నాడు పొట్టిబాబు ఆ రోజు. సింహాచలం వాళ్లని చేత్తో అవతలికి అదిలించాడు.

మోదమ్మ లోపల్నుంచి పెన్ను తెచ్చింది. పొట్టిబాబు చేతిలోంచి కాగితం తీసుకుని అరుగు మీద పరిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. పెట్టాక లేచి పెట్టె తీసింది. అందులో మాస్టారి డబ్బు ఉంది. ఆదివారం పట్టుకెళ్లాల్సిన డెబ్బై నాలుగు వేల నాలుగు వందలు గుడ్డలో కట్టి ఉన్నాయి. అందులోంచి ముప్పై రెండు వేలు లెక్కపెట్టి వేరే పెట్టింది. బ్యాంకుకి వడ్డీతో కలిపి అంతవుతుంది.

"మాస్టారికేటి సెప్పమంటావు?" అన్నాడు సింహాచలం. పొలం పోతుందని అతని భయం. ఇన్నేళ్లలో ఒక్క రోజు మాట తప్పలేదు, ఆ పరువొక్కటే ఆ పొలానికి తన దగ్గరున్న కాగితం.

"ఉన్నదే సెప్పు" అంది మోదమ్మ.

మర్నాడు మోదమ్మా పొట్టిబాబూ గొలుగొండ వెళ్లి బ్యాంకులో కట్టేసి రసీదు తెచ్చుకున్నారు. ఆదివారం సింహాచలం మిగిలిన నలభై రెండు వేల నాలుగు వందలు పట్టుకుని మాస్టారి మేడ మెట్లు ఎక్కాడు. డబ్బు బల్ల మీద పెట్టి, తక్కువుందండి అన్నాడు. ఏమైందని అడిగారు మాస్టారు. ఎండలో నడుస్తూ అల్లుకున్న మాటలు చాలానే ఉన్నాయి. అందులో ఒక్కటీ వాడలేదు. గొలుగొండ సంగతి చెప్పుకొచ్చాడు. రేకులు, ఫోటో, పొట్టిబాబు పిల్లలు, పదివేలు, అన్నీ.

"రెండు రూపాయలకే ఇచ్చేనండి. ధర్మం సేసేననుకున్నాను" అన్నాడు. "ఆ డబ్బు ఆడిదేనని నాకు ఇన్నాళ్లూ తెలీలేదండి."

మాస్టారు పిల్లలకి పాఠం చెప్పినవారు. ఎవరి కథ ఎవరికి చెబుతున్నారో ఆయనకి విప్పి చెప్పక్కర్లేదు. మొహం ఎర్రబడింది.

"అంటే నేను నిన్ను మోసం చేశానంటావు" అన్నారు.

మిమ్మల్ని అనట్లేదండి, నా సంగతే చెప్తన్నాను అన్నాడు సింహాచలం. మాస్టారు లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు టీ రాలేదు. కాసేపు నిలబడి, డబ్బు మీద పేపరు వెయిట్ పెట్టి వచ్చేశాడు.

తర్వాత ఇరవై రోజులు కబురు లేదు. జూన్ రెండో వారం వచ్చింది, వెళ్లింది. చెరకు మోకాలు దాటింది, ఎరువు వేయాల్సిన అదను దాటిపోతోంది. వర్తకుడి గుమాస్తా సన్యాసిరావు రెండుసార్లు బండాపి, ఏటి బావా ఈ ఏడు మా కొట్టుకేనా అని నవ్వుతూ అడిగి వెళ్లాడు. మాస్టారు పొలం ఇంకెవరికో మాట్లాడుతున్నారని ఒకరు, అమ్మేస్తున్నారని ఒకరు అన్నారు. సింహాచలం రోజూ పొలానికి వెళ్లి పనేమీ లేకపోయినా పొద్దుపోయేదాకా గట్టు మీద కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే నీళ్లు పెట్టడానికొచ్చానని చెప్పేవాడు. మోదమ్మ మాత్రం తను చేయించింది తప్పని ఒక్కసారీ అనలేదు. రాత్రి పక్క మీద నిద్ర పట్టక దొర్లుతున్నది ఆవిడ కూడానని అతనికి తెలుసు.

చివరికి ఫోన్ వచ్చింది. వెళ్లాడు. మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నారు. ఈసారి టీ ముందే వచ్చింది. మాస్టారు ఆ ఇరవై రోజులూ తనకి నిద్ర లేదన్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ విడిపించి బ్యాంకు అప్పు మొత్తం కట్టేశాననీ, సింహాచలం ఈ ఏడు వడ్డీ ఇవ్వక్కర్లేదనీ, అసల్లో మిగిలిన పదిహేడు వేల ఆరు వందలు వచ్చే పంటకి ఇమ్మనీ చెప్పారు. ఇకమీదట తను ఆ పొలం మీద అప్పు తీయననీ, ఎవరికీ వడ్డీకి ఇవ్వననీ అన్నారు. చెబుతుంటే ఆయన గొంతు తేలికపడింది. పుష్కర స్నానం చేసొచ్చినట్టున్నారు.

"ఆ పాపం నాకొద్దు సింహాచలం" అన్నారు. "పొలం నువ్వే చేసుకో. నిన్ను తీసెయ్యను."

సింహాచలానికి ముందు కళ్లలో నీళ్లొచ్చాయి. పొలం ఉంది. దండం పెట్టడానికి చేతులు వాటంతటవే లేచాయి. సగం లేచాక అసలు సంగతి తోచింది. మాస్టారి పాపం కడుక్కుపోయింది బాగానే ఉంది. ఎరువు ఎవరిస్తారు? మాస్టారు ఇక ఇవ్వరు. సంతకం లేనిదే బ్యాంకు ఇవ్వదు. రేపట్నుంచి తనూ సన్యాసిరావు వెనక మూడు రూపాయల కొట్టుకి నడవాల్సిందే. మాస్టారికి నిద్ర పట్టడానికి తనకి నూటికి నెలకి ఇంకో రూపాయి ఖర్చు.

ఇదంతా ఆయనకి తోచలేదంటే నమ్మడం కష్టం. కానీ నిజంగానే తోచలేదు. మంచివాళ్లు తమ మంచితనం చూసుకునే హడావుడిలో ఎదుటివాడి జేబు చూడరు.

సింహాచలం చేతులు దించేశాడు. జేబులోంచి దరఖాస్తు తీశాడు. లావణ్య ఉంచుకోమన్న రోజునుంచీ అది అక్కడే ఉంది, చెమటకి అంచులు మెత్తబడ్డాయి. టీ గ్లాసు పక్కకి జరిపి బల్ల మీద పరిచాడు.

"అప్పు తీసేసేరు కాబట్టి ఇప్పుడు నాకిత్తారండి. సంతకం ఎట్టండి మాస్టారూ."

ఆయన నవ్వు తగ్గింది. కాగితం వైపు చూశారు గానీ ముట్టుకోలేదు. నేనేదో నీకు మేలు చేస్తే నువ్విలా పట్టుకుంటావేమిటి అన్నట్టు నొచ్చుకున్నారు. అల్లుడి మాట ఎత్తారు. అల్లుడికి ఈ పొలం ఏ మూలనుందో కూడా తెలియదని ఇద్దరికీ తెలుసు. సింహాచలం కదల్లేదు. పందొమ్మిదేళ్లలో ఆయన ముందు అంతసేపు మాట్లాడకుండా నిలబడ్డం అతనికి అదే మొదలు. చివరికి మాస్టారు లోపలున్న భయం బయటపెట్టారు.

"రేపు నువ్వు కాకపోయినా నీ కొడుకొచ్చి, ఈ కాగితం చూపించి భూమి నాదంటే?"

"మా ఆడది పొట్టిబాబుకి సంతకం ఎట్టి నెల కావత్తందండి" అన్నాడు సింహాచలం. "నిన్న ఫోన్ సేసి అడిగేను. ఆ భూవి ఇంకా గొలుగొండలోనే ఉందట."

లోపల మాస్టారి భార్య పుసుక్కుమని నవ్విన చప్పుడైంది. మాస్టారు నవ్వలేదు, కానీ కళ్లజోడు పెట్టుకున్నారు. కాగితం దగ్గరికి లాక్కుని మొదటినుంచీ చదివారు. పదకొండు నెలలకే చెల్లుతుందని రాసిన చోట వేలు పెట్టి ఆగారు. ఇంకో సందేహం అడిగారు. పంట పోయి నువ్వు కట్టలేకపోతే బ్యాంకువాళ్లు నా భూమి మీద పడతారా?

"పడరండి. నా మీదే పడతారు."

తుపాను రావచ్చు, చెరకు పడిపోవచ్చు, బెల్లం ధర దిగిపోవచ్చు. అప్పుడు బ్యాంకువాళ్లు తన గుమ్మంలోకే వస్తారు, తన పేరే పిలుస్తారు. అది తలుచుకుంటే భయమేసింది. ఆ పంట ఎవరిదని పందొమ్మిదేళ్లలో ఒక్కరూ తనని అడగలేదు. రేపు నష్టం అడగడానికైనా తన దగ్గరికే వస్తారు.

మాస్టారు పెన్ను మూత తీసి, ఇవాళ తారీఖెంత అని అడిగారు. సింహాచలం చెప్పాడు.